లేదనని కొట్టు

ముందే చెప్తున్నాను, ఇది ధైర్యం నూరిపోసే రాత కాదు. జబ్బు నన్ను గొప్పదాన్ని చేసిందనీ, అంతా మన మంచికేననీ చెప్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, అది కావాలంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నాకు చాలావరకు నయమైంది. అన్నం రుచి తెలుస్తోంది, తల దువ్వుకుంటున్నాను, ఎవరైనా పిలిస్తే రెండో పిలుపుకి పలుకుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. దానికి మందు ఇమ్మని నేను డాక్టర్ని అడగలేదు కూడా.

నా పేరు రేణుక. బళేపేటలో మాది గాజుల కొట్టు. మా ముత్తాత ఎప్పుడో అనంతపురం వైపు నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని ఈ కన్నడ ఊరికి వచ్చి ఈ సందులోనే ఉండిపోయాడు. నేను తుమకూరు రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ రెండో ఏడు. పోయిన శ్రావణంలో పడిపోయాను. కళ్ళు తిరిగి పడిపోవడం కాదు. అలా పడి ఉంటే మా ఇంట్లో వాళ్ళకి తొందరగా అర్థమయ్యేది.

ఎలా పడ్డానో చెప్పాలంటే ముందు మా కొట్టు సంగతి చెప్పాలి. మా కొట్లో "లేదు" అనరు. వచ్చినామె అడిగిన రంగు మా దగ్గర లేకపోతే "కూర్చోమ్మా, లోపల ఉండాది, తెస్తా" అంటాడు మా నాయన. నేను వెనక తలుపు నుంచి పరుగెత్తి పక్క సందులో ఇంకో కొట్టు నుంచి ఆ గాజులు తెచ్చి, మావే అన్నట్టు పరిచేదాన్ని. అక్కడా లేకపోతే ఇంకో సందు. లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచీ అదే నా పని. ఇక పొద్దున దీపం పెట్టాక వచ్చే మొదటి మనిషి అయితే, బోణీ మనిషి, ఆమె నష్టానికి అడిగినా ఇవ్వాల్సిందే. బోణీ వేళ లేదంటే లక్ష్మి మెట్టు దిగిపోతుందట. మా నాయన తన జన్మలో ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. ఇది మా ఇంటి గొప్ప. బంధువుల ముందు చెప్పుకునేవాళ్ళం.

ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లని ఏ పనికైనా వాడుకోవచ్చని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మా డిపార్టుమెంటు హెడ్ మేడంకి అది మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గాజుల కొట్టు ఈగలు తోలుకుంటుంది. మా డిపార్టుమెంటుకి మాత్రం అప్పుడే పెళ్ళి కళ వచ్చింది. శ్రావణంలో తనిఖీ బృందం వస్తోంది, వాళ్ళిచ్చే గ్రేడు మీద యూనివర్సిటీ పరువంతా ఉందన్నారు.

మేడం విజయవాడ వైపు మనిషి. క్లాసులో ఇంగ్లీషు, నాతో తెలుగు. "మన తెలుగమ్మాయివి, నీకు కాక ఎవరికి చెప్పుకుంటానమ్మా? వాల్యూస్ ఉన్న పిల్లవి రేణుకా నువ్వు. ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడమ్మా!" అని భుజం మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి బరువు ఎంతో నాకు అప్పుడు తెలియలేదు. ఫైళ్ళు సర్దడం నేనే. పాత రిపోర్టులు కన్నడం నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నేనే. మేడం సదస్సులో చదవాల్సిన పేపరు టైపు చేయడం నేనే. మేడం అత్తగారికి కంటి ఆపరేషన్ అయితే పక్కన కూర్చున్నదీ నేనే. పెద్దావిడ మంచిది, ఆమెను అనను.

వారానికి రెండు రోజులు పీణ్యలో ఫీల్డ్‌వర్క్. బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టే ఆడవాళ్ళు పిల్లల్ని వదిలి వెళ్ళే శిశువిహారం అది. నాకు ప్రాణం అక్కడే ఉండేది. ఈ చదువు చదవాలనిపించిందే అలాంటి పిల్లల కోసం.

జాస్మిన్ అని నా స్నేహితురాలు. గుంటూరు పిల్ల, వాళ్ళ నాన్నకి ఇక్కడ ఐటీ ఉద్యోగం. ఒకసారి మేడం దానికి కూడా ఏదో పని చెప్తే "సారీ మేడం, సండే నాకు చర్చ్ ఉంది, కుదరదు" అంది. అంతే. భూమి బద్దలవలేదు. ఆ పని సాయంత్రానికి నా చేతికి వచ్చింది.

"నువ్వు పిచ్చిదానివే బాబూ" అంది జాస్మిన్. "ఆవిడ నిన్ను ఫుల్లుగా యూజ్ చేసుకుంటోంది. ఒక్కసారి నో అని చూడవే, ఏమవుతుందో."

"పాపం, ఆమెకి ఎవరున్నారు చేసేవాళ్ళు" అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పుడు గుర్తొస్తే పళ్ళు నూరుకుంటాను.

అప్పటికే ఒంట్లో ఏదో మొదలైంది. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి, నిద్రలో పళ్ళు బిగబట్టి పడుకుంటున్నానట. ఎవరైనా మాట్లాడితే పెదాలు కదలడం కనిపించేది, మాట ఆలస్యంగా అందేది. దిగులు కాదు. దిగులైతే నాకు తెలుసు, ఏడిస్తే తగ్గుతుంది. ఇది పొయ్యి ఆరిపోయాక మిగిలే బూడిదలా ఉండేది.

అసలు భయం పీణ్యలో వేసింది. మూడేళ్ళ పిల్ల ఒకతి, నన్ను చూస్తే కొంగు వదలదు, మెట్టు తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం. నా వైపు చేతులు చాపి ఏడుస్తోంది. నేను నిలబడి చూస్తున్నాను. నాలో ఏమీ కదల్లేదు. ఇదెప్పుడు ఆపుతుందా అనుకున్నాను, అంతే. ఆయా వచ్చి ఎత్తుకుంది. ఆ సాయంత్రం మెట్రోలో నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. ఇవి ఎవరి చేతులు అనిపించింది.

నాకు ఇప్పుడు తెలిసింది ఇది. దేన్నీ పట్టించుకోనివాళ్ళకి ఈ జబ్బు రాదు. ఏదైతే మనకి ప్రాణమో సరిగ్గా అక్కడే తింటుంది. నేను మార్కుల కోసం చదివేదాన్ని అయితే మార్కులు పోయేవి. పిల్లల కోసం చదివాను కాబట్టి పిల్లలు పోయారు.

శ్రావణం

వరమహాలక్ష్మి పండగ వారం మా సందులో కాలు పెట్టే చోటుండదు. "స్వల్ప ఒక చెయ్యి వెయ్యి పాపా" అన్నాడు నాయన. వేశాను. ఆడవాళ్ళు చేతులు చాపుతుంటే వేళ్ళ కణుపులు నొక్కి గాజులు ఎక్కిస్తున్నాను. మామూలుగా నా చేతిలో గాజు చిట్లదు. ఆ వారం వరసగా చిట్లాయి. ఒకామెకి మణికట్టు గీసుకుంది. "ఏమైండాది మే నీకు, పరధ్యానంగా ఉండావు?" అని మా అమ్మ గాజులు నా చేతిలోంచి తీసుకుంది. ఏం లేదమ్మా అన్నాను.

చూశారా, ఏమన్నా ఉందా అని అడిగితే మాత్రం "లేదు" ఎంత బాగా వస్తుందో.

పండగ ముందు రోజు తనిఖీ బృందం వచ్చింది. అతిథులకు వేయాల్సిన మల్లెదండలు మార్కెట్లో కొని తెచ్చే పని నాది, వాళ్ళ ముందు నిలబడి మా డిపార్టుమెంటు విలువల గురించి ఐదు నిమిషాలు మాట్లాడే పని కూడా నాదే. చిక్కపేటలో మెట్రో ఎక్కాను. దండల సంచి ఒళ్ళో ఉంది. నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. లేవాలని తెలుసు. కాళ్ళు వినలేదు. తలుపులు మూసుకున్నాయి.

రైలు చివరిదాకా వెళ్ళింది. అక్కడ అందరినీ దించేస్తే దిగి, ఎదురుగా వచ్చిన ఇంకో రైలెక్కాను. మళ్ళీ నా స్టేషన్ వచ్చింది, పోయింది. మా బళేపేట కింద నుంచే వెళ్ళాను. అటు చివరిదాకా వెళ్ళి అక్కడ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. ఫోను మోగుతూనే ఉంది, సంచిలో పూలు వాడి వాసన వేస్తున్నాయి.

సెక్యూరిటీలో పనిచేసే ఒకామె వచ్చి "ఏనమ్మా, హుషారిల్వా?" అంది. ఒంట్లో బాగాలేదా అని. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. తన నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చి, నేను తాగేదాకా పక్కన నిలబడి, నా ఫోను తీసుకుని "యారిగె మాడ్లి?" అంది. ఎవరికి చెయ్యను అని. జాస్మిన్ పేరు చూపించాను. ఎక్కువసేపు లోపలున్నానని బయటికి వెళ్ళేటప్పుడు జరిమానా కట్టమంటే, ఆమే కౌంటర్ దగ్గర గలాటా చేసి మాఫీ చేయించింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. నాకోసం ఆ నెలలో ఎవరైనా ఎవరితోనైనా పోట్లాడారంటే అది ఆమె ఒక్కతే.

సాయంత్రం మేడం ఫోన్ చేసింది. బతికున్నానా అని అడగలేదు. "నీ వల్ల డిపార్టుమెంటు ఎంత ఎంబరాస్ అయిందో తెలుసా? దండల్లేక బొకేలు తెప్పించాం. వాల్యూస్ ఉన్న పిల్లవనుకున్నానే నిన్ను" అంది. ఫోను పెట్టాక నేను ఏడ్చాను, సిగ్గుతో. కోపం రావడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలు నాకెవరిస్తారు?

భాద్రపదం

ఇంట్లో ముందు దిష్టి తీశారు. తర్వాత తాయెత్తు కట్టారు. మా మేనత్త ఆనేకల్ నుంచి వచ్చి "బేగి పెండ్లి చేస్తే అన్నీ సరిపోతాయి, సుమ్నే ఊరికే చదివిచ్చి చెడగొట్నారు" అని తీర్పు చెప్పి, కాఫీ తాగి వెళ్ళింది. చివరికి జాస్మిన్ వచ్చి మా అమ్మ పక్కన కూర్చుని "ఆంటీ, ఇది దిష్టి కాదు, ట్రీట్‌మెంట్ ఉంది, నేను తీసుకెళ్తా" అంది. అమ్మ తనూ వస్తానంది. నాయన కొట్టు మూసి రాలేదు. మేం వెళ్ళేటప్పుడు షట్టరు దగ్గర నిలబడి నా చెప్పుల వైపు చూశాడు.

మానసిక వైద్యానికి వెళ్ళేవాళ్ళు ఎలా ఉంటారనుకుంటారో గానీ, ఆ వరండాలో ఉన్నవాళ్ళందరూ బస్టాపులో మనుషుల్లాగే ఉన్నారు. నా పక్కన ఒక ముసలామె, కొడుకుని తీసుకొచ్చింది. జామకాయ కోసి ఉప్పూకారం అద్ది, వాడికో ముక్క, నాకో ముక్క, మా అమ్మకో ముక్క ఇచ్చింది. ఎవరికి ఏం జబ్బని అడగలేదు. మా అమ్మ అంతవరకూ ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని ముసుగు వేసుకుని కూర్చుంది. జామకాయ తినడానికి ముసుగు తీసింది, మళ్ళీ వేసుకోలేదు.

డాక్టరు చిన్న వయసువాడే, కన్నడతను. నేను కూర్చోగానే "ఇద్దరు ట్రైనీలున్నారు, మీరు మాట్లాడుతుంటే వాళ్ళు వినొచ్చా?" అని అడిగాడు. "వినండి, పరవాలేదు" అన్నాను. నాకు చాలా పరవా ఉంది. ఆ ఇద్దరూ నా వయసువాళ్ళే, మంచి ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు, నేను పాత చుడీదార్లో చిక్కుజుట్టుతో ఉన్నాను.

అతను నా ముఖం చూసి, "మీకు ఇష్టం లేనట్టుంది. వద్దు అనొచ్చు" అన్నాడు.

"పరవాలేదు సార్."

"వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరికే ఒకసారి అనండి."

వద్దు. రెండక్షరాల మాట. గొంతు దాకా వచ్చి అక్కడ ముల్లులా నిలబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. ట్రైనీలిద్దరిలో అమ్మాయి తనే లేచి, రెండోవాణ్ణి కూడా లేపి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. అప్పుడు మళ్ళీ ఏడుపు వచ్చింది, అన్నాళ్ళకి.

అతను చెప్పినవన్నీ నాకు నచ్చలేదు. నడక, ధ్యానం, నిద్ర. ఊరందరికీ బండెడు చాకిరీ చేసిన గాడిదకి సూర్యనమస్కారాలు నేర్పినట్టు అనిపించింది. ఆ మాటే అంటే నవ్వి, "బరువు కూడా దించాలి, ఒప్పుకుంటాను. కానీ దించుతానని మీరే చెప్పాలి" అన్నాడు. మందులు రాశాడు, మెడికల్ లీవుకి కాగితం ఇచ్చాడు.

ఆశ్వయుజం

ఇంట్లో రోజూ యుద్ధం. నేను గోడకి తిరిగి పడుకుంటే వంటింట్లోంచి మాటలు వినిపించేవి.

"మీ కొట్టు బుద్ధే పాపకి ఎక్కిండాది" అనేది అమ్మ. "లేదనకు, లేదనకు అని నూరి పోసినారు. ఇప్పుడు సూడండి, మనిషే లేకుండా పోతాండాది."

"నేనేం చెడ్డ నేర్పినానా? నాలుగు మందికి సాయం చేసేది తప్పా?"

"మీరు లేదనకుంటే గాజులు పోతాయి. పాప ఏం కోల్పోతాండాదో సూసినారా?"

ఆ రోజు నాయన అన్నం కలిపి ముద్ద నా నోటి దగ్గర పెట్టాడు. ఊహ తెలిశాక ఆయన నాకు తినిపించడం అదే మొదలు. నాకు రుచి తెలియలేదు గానీ మింగాను.

దసరా ముందు డిపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు వచ్చింది. విద్యార్థుల్లో మానసిక అలసట, విలువల పాత్ర. అవగాహన సదస్సు. ఆదివారం. హాజరు తప్పనిసరి. ఆ పోస్టరు గీయడానికి ఇద్దరు జూనియర్లు కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నారని జాస్మిన్ చెప్పింది. వచ్చిన పెద్దమనిషి, బలమైన విలువలుంటే అలసట దరిచేరదని గంటన్నర చెప్పాడట.

అప్పుడు వచ్చింది నాకు కోపం. దుప్పటి తన్నేసి మంచం మీద లేచి కూర్చున్నాను. ఏ విలువలు? ఎవరివి? నా దయ, నా మాట కాదనలేనితనం, మా నాయన నేర్పిన మర్యాద, ఇవన్నీ వాళ్ళకి ఊరికే దొరికిన వంటచెరుకు. కాల్చుకున్నారు. కాలిపోయాక, కట్టె మంచిదైతే కాలేది కాదని ఉపన్యాసం పెట్టారు. ఆ రోజు ఆకలి వేసింది. రెండు ముద్దలు సంగటి తిన్నాను. కోపం ఆరోగ్యానికి మంచిది కాదనేవాళ్ళకి నా సంగటి చూపించాలి.

నాలుగు రోజులకి నోటీసు వచ్చింది. హాజరు తక్కువైంది, పరీక్ష రాయడానికి వీల్లేదు. మెడికల్ లీవు లెక్కలోకి తీసుకోవాలంటే హెడ్ సంతకం ఉండాలి. లేకపోతే సెమిస్టరు మొత్తం పోతుంది, జూనియర్లతో కలిసి మళ్ళీ కూర్చోవాలి.

కార్తీకం

మెల్లగా పొద్దున పూట కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. గాజుల పెట్టెలు తుడిచేదాన్ని, వరసలు సర్దేదాన్ని. ఆ శుక్రవారం నాయన దీపం పెట్టి సాంబ్రాణి పొగ వేస్తున్నాడు. ఇంకా బోణీ కాలేదు. మెట్ల దగ్గర ఆటో ఆగింది. మేడం దిగింది.

"రేణుకా! ఎంత చిక్కిపోయావమ్మా! మీ నాన్నగారా? నమస్కారమండీ" అని నవ్వుతూ వచ్చి కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

విషయం తొందరగానే చెప్పింది. వచ్చే వారం విలువల వారోత్సవం. బయటి నుంచి పెద్దవాళ్ళొస్తారు. నేను స్టేజి మీద మాట్లాడాలి. "నువ్వెలా డౌన్ అయ్యావో, మన డిపార్టుమెంటు వాల్యూస్ నిన్నెలా నిలబెట్టాయో, పది నిమిషాలు. పిల్లలందరికీ ఇన్‌స్పిరేషన్ అవుతుంది. ఏం రాయాలో నేను చెప్తాలే." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "నీ అటెండెన్సు ఫైలు నా టేబుల్ మీదే ఉంది. ఆ రోజే సంతకం పెట్టేస్తాను. మన పిల్లవి, నీకు చేయకపోతే ఎవరికి చేస్తాను?"

నాయనకి ఎంత అర్థమైందో తెలియదు. సాంబ్రాణి పళ్ళెం చేతిలోనే ఉంది. దీపం వెలుగుతోంది, బోణీ మనిషి మెట్టెక్కి కూర్చుని అడుగుతోంది. పుట్టినప్పటి నుంచీ నా ఒళ్ళంతా నేర్చుకున్నది ఒక్కటే జవాబు. ఒక సెమిస్టరు చదువు ఆమె సంతకం కింద ఉంది. సరే మేడం అంటే పది నిమిషాల పని.

నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది, చీరుకున్న మోకాలు, చాపిన చేతులు. నన్ను నిలబెట్టింది మీరేనని చెప్పాక ఆ పిల్ల దగ్గరికి ఏ ముఖంతో వెళ్ళను?

"లేదు మేడం" అన్నాను.

గొంతు కీచుగా వచ్చింది. మా కొట్లో ఆ మాట గోడలు కూడా ఎప్పుడూ వినలేదు.

"ఏంటమ్మా?"

"నేను రాను. మాట్లాడను. నన్ను మీరు నిలబెట్టలేదు. సంతకం పెట్టకపోతే పెట్టకండి, జూనియర్లతో కూర్చుంటాను."

మేడం ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళల్లోంచి పోయింది. నాయన వైపు తిరిగింది. "చూశారా అండీ, జబ్బు వల్ల ఎంత మారిపోయిందో. మీరైనా చెప్పండి."

నాయన సాంబ్రాణి పళ్ళెంలో నిప్పుని చూస్తున్నాడు. బోణీ వేళ, లక్ష్మి, మెట్టు, అన్నీ ఆయన తలలో తిరుగుతుంటాయని నాకు తెలుసు.

ఆమె లేచి, ఊరికే వెళ్ళిపోతే బాగుండదనుకుందో ఏమో, పర్సు తెరిచింది. "సరే, వచ్చాను కదా, గెస్టులకి ఇవ్వడానికి ఆకుపచ్చ గాజులు నాలుగు డజన్లు ఇవ్వండి. రెండు ఆరు సైజు."

ఆకుపచ్చ గాజులు, రెండు ఆరు సైజువి, నాయన తల వెనక నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. ఆ పొద్దున నేనే తుడిచి సర్దాను. దీపం వెలుగు పడి మెరుస్తున్నాయి కూడా.

నాయన సాంబ్రాణి పళ్ళెం కింద పెట్టాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"లేవమ్మా" అన్నాడు.

మేడం ఆయన్ని చూసింది, ఆయన వెనక గోడని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. "అవి..."

"అవి లేవమ్మా. పోయి రాండి."

ఆటో వెళ్ళిపోయింది. నాయన గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. "నాయనా, బోణీ..." అన్నాను.

"ఇంకొకరు వస్తారులే పాపా. కూర్చో."

సంతకం పడలేదు. వచ్చే సెమిస్టరు నేను జూనియర్లతో కూర్చుంటున్నాను, జాస్మిన్ నోట్సు అంతా ఇచ్చింది. పోయిన వారం పీణ్య వెళ్ళాను. ఆ పిల్ల నన్ను మర్చిపోయి ఆయా వెనక దాక్కుంది. నాకు బాధ వేసింది. బాధ వేసినందుకు తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నాల వేళ దాకా మా కొట్లో బోణీ కాలేదు. నాయన ఒక్కసారి కూడా మెట్ల వైపు తొంగి చూడలేదు.